సంతకం ఆయనది, రాత నాది

జనవరి 28, బుధవారం

ఉదయం పదకొండు ఇరవైకి యూనివర్సిటీ వాళ్ళు ఫిజిక్స్ లెక్చరర్ కృష్ణంరాజు గారికి ఫోన్ చేసి, నాగదుర్గ గురించిన సిఫార్సు ఉత్తరం మీరే రాశారా అని అడిగారు. ఆయన లేదన్నారు.

లేదని ఊరుకోలేదు. సంతకం తనదేననీ, రాసింది పిల్ల మేనత్త అనీ, ఆవిడ పత్రికలో పని చేస్తుందనీ, ఇంగ్లీషు చాలా బాగా రాస్తుందనీ కూడా చెప్పారట. ఇదంతా ఆయనే మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి చెప్పారు, సంతోషంగా. నన్ను అంత మెచ్చుకున్నందుకు నేను ఏదో అంటానని కాసేపు ఆగారు. థాంక్సండి అన్నాను.

వాళ్ళు అనుమానంతో ఫోన్ చేయలేదు. ఉత్తరంలో ఐసు ప్రయోగం సంగతి చదివి ముచ్చటపడి, ఇంకా వివరాలు అడుగుదామని చేశారు. "ఏ ఐసండీ?" అన్నారట ఈయన. అక్కడ మొదలైంది.

అలవాటు కొద్దీ పూర్వాపరాలు కూడా రాసి పెడతాను. నాగదుర్గ మా తమ్ముడు పల్లంరాజు కూతురు. ఇక్కడే నిడదవోలులో ఇంటర్ రెండో సంవత్సరం. పల్లంరాజు జంక్షన్లో చేపల పెట్టెలు రైలుకెక్కిస్తాడు. పిల్ల బెంగళూరు దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సైన్సు డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. ఫీజు, హాస్టలు మొత్తం వాళ్ళే భరించే సీట్లు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి వస్తేనే వెళ్ళగలదు. ఆ సీట్లకు, పాఠం చెప్పిన ఇద్దరు ఆ పిల్ల గురించి ఉత్తరాలు రాయాలి. ఇంగ్లీషు చెప్పే క్రిస్టినా గారు తనే రాసి తనే పంపారు. రెండోది కృష్ణంరాజు గారిది.

మా వైపు ఇలాంటి ఉత్తరాలకు ఒక పద్ధతి ఉంది. కావలసిన వాళ్ళే రాసుకుని తీసుకెళ్తారు. పెద్దవాళ్ళు చదవకుండా సంతకం పెడతారు. చదివితే అనుమానించినట్టు ఉంటుందని చదవరు. అది మర్యాద. ఆయన ఆ మర్యాదే పాటించారు.

దరఖాస్తు కొట్టేయలేదు, పక్కన పెట్టారు. సోమవారం సాయంత్రం ఐదు లోపు కృష్ణంరాజు గారు తన చేత్తో, తనకు వచ్చిన భాషలో రాసి, తన ఫోను నుంచే పంపితే చూస్తామన్నారు. ఇంకెవరూ ఆ ఉత్తరం చూడకూడదన్నారు. ఇంకెవరూ అంటే ఎవరో చెప్పక్కర్లేదు.

నా పాత్ర గురించి: భాష సరిదిద్దాను. అంతే.

జనవరి 28, రాత్రి భోజనాలయ్యాక

రెండు వాక్యాలు కూడా చేర్చాను. ఐసు గురించి.

జనవరి 29, గురువారం

ఇరవై ఎనిమిదేళ్ళుగా, ఊళ్ళ నుంచి మా పత్రికకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్లకు నేను చెప్పే మాట ఒకటే. ఇద్దరు చెప్పనిది రాయొద్దు. ఐసు ప్రయోగం సంగతి నాకు చెప్పింది ఒక్కడు. అతను పిల్ల తండ్రి.

పొద్దున్నే పల్లంరాజును పిలిచి, ప్రయోగం కాలేజీ ల్యాబులో మాస్టారి పర్యవేక్షణలో జరిగిందని నాకెందుకు చెప్పావన్నాను.

"ల్యాబు అని నేనెక్కడన్నానక్కా. థర్మామీటరుతో చేసింది అన్నాను."

"మాస్టారు ఉన్నారన్నావు."

"థర్మామీటరు మాస్టారిది అన్నాను. మిగతాది నువ్వు పెట్టుకున్నావు."

నా నోటు బుక్కు చూసుకున్నాను. వాడు చెప్పిందే నిజం.

సాయంత్రం నాగదుర్గ కాలేజీ నుంచి వచ్చాక కూర్చోబెట్టి అడిగాను. దసరా సెలవుల్లో పార్సిల్ ప్లాట్‌ఫారం మీద చేసిందట. వాళ్ళ నాన్న థర్మోకోల్ పెట్టెలో ఒక వరస చేప, ఒక వరస ఐసు, మళ్ళీ చేప, మళ్ళీ ఐసు వేస్తాడు. చల్లదనం కిందికే దిగుతుంది కాబట్టి ఐసంతా పైన వేస్తే చాలు, సగం ఐసు మిగులుతుంది అని ఈ పిల్ల వాదన. కొలిచి చూసింది. తన మాటే నెగ్గింది. తండ్రి మాత్రం ఇప్పటికీ వరసలే వేస్తున్నాడు.

మరి థర్మామీటరు అడిగే తీసుకున్నావా అన్నాను.

"అడుగుదామనే అనుకున్నానత్తా."

"ఎప్పుడు?"

"తీసుకున్న దగ్గర్నుంచీ."

జామెట్రీ బాక్సులోంచి తీసి చూపించింది. దూదిలో చుట్టి ఉంది. విరగలేదు. కాలేజీలో ల్యాబు అటెండరు అబ్రహాము గారు దీని కోసం అక్టోబరు నుంచీ వెతుకుతున్నారట. వచ్చే వారం ప్రాక్టికల్స్ కాబట్టి ఈ మధ్య మరీ ఎక్కువగా వెతుకుతున్నారట. ఈ పిల్ల కూడా ఆయనతో పాటు రెండు మూడు బీరువాలు వెతికిందట.

పరిస్థితి ఇది. కృష్ణంరాజు గారు ఐసు గురించి రాయకపోతే యూనివర్సిటీ వాళ్ళు అడుగుతారు. రాయాలంటే ఆయనకు నిజం తెలియాలి. నిజం తెలిస్తే పిల్ల ల్యాబు సామాను పట్టుకుపోయిందని తెలుస్తుంది. అలా పట్టుకుపోయిన పిల్లను ఎవరు సిఫార్సు చేస్తారు?

ఐసు ఊసు ఎత్తకుండా ఆయన చేత వేరే ఏదైనా రాయిద్దాం, థర్మామీటరు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఇది నేను అన్న మాట. రాసి పెడుతున్నాను.

"చెప్పేద్దామత్తా" అంది నాగదుర్గ.

జనవరి 30, శుక్రవారం

పొద్దున్న పల్లంరాజు ఒక కవరు పట్టుకొచ్చాడు. మాస్టారి ఉత్తరం చెడిపోయింది కాబట్టి అంతకంటే పెద్ద ఉత్తరం తెచ్చానన్నాడు. ఒక నాయకుడి ఆఫీసు నుంచి. అక్కడ ఉత్తరాలు టైపు కొట్టే అప్పాజీ వీడి దగ్గరే చేపలు కొంటాడు.

చదివాను. పైన రిజిస్ట్రార్ గారికి అని ఉంది. కింద, ఈ లేఖ తెచ్చు కుమారి నాగదుర్గకు, వారి కుటుంబ సభ్యులు ఐదుగురికి బ్రేక్ దర్శనం, వసతి కల్పించవలసిందిగా కోరుతున్నాను అని ఉంది. తిరుమలకు రాసే ఉత్తరంలో పైన ఒక్క లైను మార్చి ఇచ్చేశాడు.

ఇది పనికిరాదన్నాను. పెద్దాయన సంతకం ఉంది కదా, ఏదో ఒక దానికి పనికిరాదా అన్నాడు. రాదన్నాను.

"ఐదుగురిలో నిన్ను కూడా వేశానక్కా" అని కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం నేనూ నాగదుర్గా కాలేజీ ల్యాబుకు వెళ్ళాం. కృష్ణంరాజు గారు లేచి నిలబడి నాకు కుర్చీ చూపించారు. భీమవరం వైపు మనిషి, పద్ధతి గలవారు. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడే చెబుతున్నారు. ఇన్నేళ్ళలో ఇలాంటి ఉత్తరాలు చాలా వాటి మీద సంతకం పెట్టారట గానీ, ఒక్కటీ రాయలేదట.

ఒక పిల్ల గురించి ఏం రాస్తారో తనకు తెలియదన్నారు. మార్కులు మెమోలో ఉంటాయి, హాజరు రిజిస్టరులో ఉంటుంది, ఆ రెండూ పోను ఇంకేం మిగులుతుందండీ అన్నారు. నిజంగానే అడిగారు. పైగా ఆ సెక్షన్లో నాగదుర్గలు ముగ్గురు. మీ అమ్మాయి కిటికీ పక్కన కూర్చునే అమ్మాయేనా అని నన్ను అడిగారు. అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది.

నేను చెబుతాను, మీరు రాసుకోండి అన్నాను. అలవాటు.

"మళ్ళీ ఫోన్ చేస్తేనండీ?" అన్నారాయన.

నేను ఇంకో మాట వెతుక్కుంటూ ఉండగా నాగదుర్గ జామెట్రీ బాక్సు తెరిచి, దూది విప్పి, థర్మామీటరు తీసి బల్ల మీద పెట్టింది. దసరాకి తీసుకెళ్ళాను సార్, అడగలేదు, అంది. తర్వాత ఐసు సంగతి మొత్తం చెప్పింది.

అబ్రహాము గారు మూలనుంచి వచ్చి థర్మామీటరు తీసుకున్నారు. కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. నెత్తిన చెయ్యి పెట్టుకుని పిల్ల వంక చూశారు.

"నాతో కలిసి వెతికావు కదమ్మా" అన్నారు.

నాగదుర్గ తల దించుకుంది. ఆ ఒక్క మాటకి ఏడిచింది. కృష్ణంరాజు గారు కోప్పడితే ఏడవలేదు. ఆయన బాగానే కోప్పడ్డారు. పిల్లలందరూ ఇలా పట్టుకుపోతే ప్రాక్టికల్స్ కొబ్బరి పుల్లలతో చేయించాలా అన్నారు. నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. ఉత్తరం అయిపోయింది అనుకున్నాను.

కోపం తగ్గాక ఆయన అడిగింది వేరు. పైన ఐసు వేసిన పెట్టెలో ఎంత ఉంది, వరసల పెట్టెలో ఎంత ఉంది అని అడిగారు. నాగదుర్గ ముక్కు తుడుచుకుని చెప్పింది. ఆయన అవన్నీ విని, "నేను చూడలేదు కదమ్మా. చూడనిది ఎలా రాయను?" అన్నారు.

ఇది నేను డెస్కులో కూర్చుని రోజూ అనే మాట.

పెట్టెలు మళ్ళీ ఎప్పుడు వెళ్తాయని అడిగారు. ఆదివారం పొద్దున్న హౌరా బండికి అని చెప్పింది. వస్తానన్నారు. థర్మామీటరు అబ్రహాము గారి చేతిలోంచి తీసుకుని, "ఈసారి అడుగు" అన్నారు. నాగదుర్గ అడిగింది. ఇచ్చారు. సోమవారం తెచ్చి అబ్రహాము గారి చేతికే ఇవ్వాలన్నారు.

జనవరి 31, శనివారం

మొదటి ఉత్తరం మొత్తం నేనే రాశాను. పేరు, పుట్టిన తేదీ మాత్రం పిల్ల చెప్పింది.

ఆ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. అసాధారణ ప్రతిభ అని ఉంది. అరుదైన శాస్త్రీయ దృష్టి అని ఉంది. నిరంతర జిజ్ఞాస అని ఒకసారి, అలుపెరుగని జిజ్ఞాస అని ఒకసారి ఉంది. ఇదే మా కంట్రిబ్యూటర్ ఎవరైనా పంపితే ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఆ పిల్ల ఏం చేసిందో అది రాయవయ్యా అనేదాన్ని.

అయినా చదువుతుంటే బాగానే ఉంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

కృష్ణంరాజు గారు మఫ్లరు కట్టుకుని, స్కూటరు మీద, అనుకున్న వేళకంటే ముందే వచ్చారు. లోపలికి రాబోయి ఆగి, కౌంటరుకి వెళ్ళి ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొన్నారు. నాకూ ఒకటి కొన్నారు. ఆ స్టేషనులో నేను ప్లాట్‌ఫారం టిక్కెట్టు పట్టుకుని నిలబడటం ఇదే మొదలు. హమాలీలు ఎవరో ఆఫీసర్లు వచ్చారనుకుని పెట్టెలు సర్దడం మొదలుపెట్టారు.

నాగదుర్గ రెండు పెట్టెలు సిద్ధం చేసింది. ఒకటి వాళ్ళ నాన్న పద్ధతిలో వరసలు. రెండోది తన పద్ధతి, అడుగున బొచ్చె చేపలు, పైన ఐసంతా. రాత్రి పెట్టినవి. ముందు వరసల పెట్టె మూత కొంచెం ఎత్తి కొలిచింది. తర్వాత తన పెట్టె. తన పెట్టెలోనే చల్లగా ఉంది. మాస్టారి వంక చూసింది. నేను కూడా చూశాను. అప్పుడే తల తిప్పి పల్లంరాజు వంక కూడా చూశాను, చూశావా అన్నట్టు.

"థర్మామీటరు ఎక్కడ పెట్టావమ్మా?" అన్నారాయన.

"పైన సార్, మూత కింద."

"ఐసెక్కడుంది?"

"పైనే సార్."

"చేప?"

నాగదుర్గ పెట్టె వంక చూసింది.

"అడుగున సార్."

"మరి దసరా నుంచీ నువ్వు కొలిచింది ఐసుని" అన్నారు.

నేను మధ్యలోకి వెళ్ళి, చిన్నపిల్ల కదండీ, లెక్కలన్నీ సొంతంగా వేసుకుందండీ అన్నాను. పిల్ల నా మాట వినలేదు. అప్పటికే టేపు మొత్తం కోసేసి, మోచేతి దాకా ఐసులో చెయ్యి పెట్టి, అట్టడుగునున్న బొచ్చెను పైకి లాగుతోంది. లాగి ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచి, థర్మామీటరు లోపలికి పెట్టి పట్టుకుంది.

పక్కన నిలబడ్డ హమాలీ పాపాయి, "జ్వరమేంటమ్మా?" అన్నాడు.

కృష్ణంరాజు గారు నవ్వడం నేను మొదటిసారి చూశాను. మఫ్లరు జారిపోయేలా నవ్వారు. నాగదుర్గ నవ్వలేదు. కళ్ళు ఆ గాజు గొట్టం మీదే ఉన్నాయి.

మూత కింద రెండు డిగ్రీలు. చేప నోట్లో తొమ్మిది.

పిల్ల వరసల పెట్టె కూడా విప్పింది. అందులోంచి కూడా అట్టడుగు చేపను తీసి, దాని నోట్లో థర్మామీటరు పెట్టి చూసింది. మూడు.

"నేను ముందే చెప్పాను" అన్నాడు పల్లంరాజు.

"చెప్పావు నాన్నా. ఎందుకో చెప్పలేదు" అంది.

అంతలో బండి వచ్చింది. మూతలు పెట్టండి, టేపు వెయ్యండి అని పల్లంరాజు అరుస్తూనే ఉన్నాడు. వరసల పెట్టె ఎక్కింది. నాగదుర్గ రెండో పెట్టె వదల్లేదు. ఇంకొక్క చేప నాన్నా, మధ్యలోది, అంటూనే ఉంది. బండి కదిలింది. పెట్టె ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. వాడు నడుం మీద చేతులు పెట్టుకుని బండి వెళ్ళిపోయేదాకా చూసి, మీ ఇద్దరి ఫిజిక్సూ కలిసి నా పెట్టె ఆపేశాయి అన్నాడు. ఇద్దరూ అంటే మాస్టారూ పిల్లా. మాస్టారు క్షమించండి అన్నారు. వాడికి ఏం చెయ్యాలో తోచక ఆయనకి టీ తెప్పించాడు.

టీ తాగుతుంటే ఆయన పక్కకు వెళ్ళి అడిగాను. ఉత్తరంలో ఏం రాస్తారండీ అని.

"ఇదే రాస్తానండి."

"తప్పు చేసిందని రాస్తారా?"

"రాస్తానండి. జరిగింది అదే కదండీ."

"థర్మామీటరు సంగతి కూడానా?"

"అది కూడా జరిగిందే కదండీ."

"పోనీ కొంచెం..."

"కొంచెం ఏంటండీ?"

కొంచెం అన్న మాట తర్వాత నేను చెప్పబోయింది ఒక విశేషణం.

ఆగిపోయిన పెట్టెలో చేపలు ఇంటింటికీ పంచాం. కృష్ణంరాజు గారు ఒక బొచ్చె తీసుకోవడానికి ఒప్పుకున్నారు. జ్వరం చూసినవి కాకుండా ఇవ్వమన్నారు.

ఫిబ్రవరి 2, సోమవారం, మధ్యాహ్నం

రెండు అయింది. ఆయన ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఎవరూ చూడకూడదన్నారు కాబట్టి చేయకూడదు.

కాలేజీ వైపు ఒక వార్త ఉంటే ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. గేటు దాకా. వార్త లేదు.

ఫిబ్రవరి 2, సాయంత్రం

మూడు దాటాక కృష్ణంరాజు గారే ఫోన్ చేశారు. తెలుగులో రాశారట, రెండు పేజీలు. మూడో పీరియడు ఖాళీ అయితే మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనం మానేసి పూర్తి చేశారట. ఒక పిల్ల గురించి ఇంత ఉంటుందని తాను అనుకోలేదన్నారు. ఫోటో తీసి పంపేశారు కూడా. ఒకే ఒక్క సందేహం ఉందన్నారు.

"రెండో పేజీలో నా బొటనవేలు పడిందండి. ఒక మాట మీద. మళ్ళీ తీసి పంపనా?"

ఏ మాట మీద అని అడిగాను.

"అది మీకు చెప్పకూడదు కదండీ" అన్నారు.

మళ్ళీ తీసి పంపమన్నాను. పంపారు. ఐదుకు ఇంకా టైము ఉంది.

నాలుగున్నరకు నాగదుర్గ ల్యాబుకు వెళ్ళి థర్మామీటరు అబ్రహాము గారి చేతికి ఇచ్చి వచ్చింది. ఏమన్నారని అడిగాను. ముందు బీరువా తాళం తీయించి, దాని చోటు చూపించి, అక్కడ పెట్టించారట. తర్వాత చేప నోట్లో పెట్టావట కదా, కడిగావా అని అడిగారట. పిల్ల రెండుసార్లు కడిగానని చెప్పింది. ఆయన మూడోసారి కడిగారట.

కంప్యూటరులో ఉన్న నా ఉత్తరం తీసేశాను. తీసేసే ముందు ఇంకోసారి చదవలేదు.

చదివాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

యూనివర్సిటీ నుంచి మెయిలు వచ్చింది. నాగదుర్గ చదివి వినిపించింది. ఉత్తరం అందింది. దరఖాస్తు మళ్ళీ పరిశీలనలోకి తీసుకున్నారు. ఉత్తరం రాసిన వారితో ముందు, పిల్లతో తర్వాత వీడియోలో మాట్లాడతారు.

సీటు ఇంకా రాలేదు. మాట్లాడతామన్నారు, అంతే. అంతకు మించి ఈ రోజుకి రాయడానికి ఏమీ లేదు.

రాత్రి అన్నం తింటూ నాగదుర్గ అడిగింది.

"అత్తా, ఐసంతా పైన వేస్తే చాలన్నది తప్పని వాళ్ళకి నేనే చెప్పెయ్యనా? వాళ్ళు అడిగేదాకా ఆగనా?"

ఇలాంటప్పుడు నేను చెప్పాల్సిన జవాబులు మనసులో నాలుగైదు తయారయ్యాయి. అన్నీ చక్కగా ఉన్నాయి.

"నీ ఇష్టం" అన్నాను.

అది ఇంకో ముద్ద తిని, మధ్య వరస చేప లెక్క ఇంకా తేలలేదు కదా అంది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి కృష్ణంరాజు గారితో, నాలుగింటికి నాగదుర్గతో యూనివర్సిటీ వాళ్ళు మాట్లాడతారు. ఆ వేళకి నాకు తణుకులో ప్రెస్ మీట్ ఉంది, వెళ్తాను. ఆదివారం పొద్దున్న హౌరా బండికి మళ్ళీ రెండు పెట్టెలు. ఈసారి బండి వచ్చేలోపు అయిపోవాలని పల్లంరాజు షరతు. కృష్ణంరాజు గారు వస్తున్నారు. రెండో థర్మామీటరు అబ్రహాము గారు తెస్తున్నారు.